గోడ అసోసియేషన్‌ది, నేల మీద చెక్క ఎవరిది? ఒక కాండో క్లెయిమ్ కేస్ స్టడీ

"అన్నయ్యా, హాల్లో సీలింగ్ ఊడి సోఫా మీద పడింది. నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి. ముందు ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

2021 ఫిబ్రవరి 18, గురువారం పొద్దున. మంచు తుఫాను వచ్చిన ఆ వారం టెక్సస్‌లోని డాలస్ చుట్టుపక్కల, నాలాంటి ఏజెంట్లతో సహా, ఇన్సూరెన్స్ పని చేసేవాళ్ళెవరూ సరిగ్గా నిద్రపోలేదు. సోమవారం తెల్లవారుజామున కరెంటు కోతలు మొదలయ్యాయి. మంగళవారం డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టులో ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్‌కి పడిపోయింది, అంటే సెల్సియస్‌లో దాదాపు మైనస్ 19. హీటర్లు ఆగిపోయాయి, పైకప్పు కింద అటిక్‌లో ఉన్న పైపుల్లో నీళ్ళు గడ్డకట్టాయి. పైపు పగిలినా గడ్డకట్టి ఉన్నంతసేపూ ఎవరికీ తెలియదు. కరెంటొచ్చి, ఇల్లు వెచ్చబడి, మంచు కరిగినప్పుడే తెలుస్తుంది.

ఫోన్ చేసింది అర్వింగ్‌లో కాండో (అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగులో సొంత ఇల్లు) ఉన్న మా క్లయింటు భార్య. మూడంతస్తుల బిల్డింగులో రెండో అంతస్తు వాళ్ళది. కరెంటు లేక రెండు రోజులు ఫ్రిస్కోలో స్నేహితుల ఇంట్లో తలదాచుకుని అప్పుడే తిరిగొచ్చారు. ముందు మేనేజ్‌మెంట్ కంపెనీ (ఇళ్ళ యజమానుల అసోసియేషన్ తరఫున బిల్డింగు చూసుకునేది) ఎమర్జెన్సీ నంబరుకి చేసి నీళ్ళు ఆపించమన్నాను. తర్వాత ప్రతి గదిలో వీడియో తియ్యమన్నాను. తడిసిన సామాను ఒక్కటి కూడా బయట పారెయ్యొద్దని మరీ మరీ చెప్పాను. ఆమె అడిగిన రెండో ప్రశ్నకి మాత్రం ఆ పూట నా దగ్గర పూర్తి జవాబు లేదు: "ఇది మన ఇన్సూరెన్సా, అసోసియేషన్ ఇన్సూరెన్సా?"

ఈ ప్రశ్నకి పూర్తి జవాబు రావడానికి నాలుగు నెలలకి పైగా పట్టింది. వ్యక్తులెవరో తెలియకుండా ఉండడానికి కొన్ని వివరాలు, అంకెలు కాస్త మార్చాను. క్లెయిమ్ నడిచిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే.

మూడు కాగితాలు

పగిలింది అటిక్‌లో ఉన్న ఫైర్ స్ప్రింక్లర్ (మంటలు ఆర్పడానికి నీళ్ళు చల్లే) పైపు. అది ఏ ఒక్క ఇంటిదీ కాదు, బిల్డింగు మొత్తానిది, అంటే ఉమ్మడి ఆస్తి. నీళ్ళు మూడో అంతస్తు నుంచి కింది దాకా రెండు వరసల్లో, మొత్తం ఆరు ఇళ్ళలోకి దిగాయి. ఆ కాంప్లెక్స్‌లో 96 ఇళ్ళున్నాయి.

మా క్లయింటు మొదట అనుకున్నది మనందరికీ తట్టేదే. "పై ఇంటి నుంచే కదన్నా నీళ్ళొచ్చాయి, వాళ్ళ ఇన్సూరెన్స్ కట్టాలి కదా?" అన్నాడు. కారు యాక్సిడెంట్ లెక్క అక్కడే మనసులో పడిపోతుంది. పై ఇంటివాళ్ళ లయబిలిటీ కవరేజీ (ఇతరులకి చేసిన నష్టానికి కట్టేది) కదలాలంటే వాళ్ళ నిర్లక్ష్యం రుజువవ్వాలి. పాపం, వాళ్ళ సీలింగే ముందు కూలింది.

కాండోలో ఇల్లు కొన్నవాడు చట్టం ప్రకారం రెండు కొంటాడు. తన ఇంటి లోపలి భాగం తనదే. పైకప్పు, బయటి గోడలు, మెట్లు, పైపులు, స్థలం వగైరాల్లో మిగతావాళ్ళతో కలిపి ఒక వాటా. ఆ ఉమ్మడి భాగానికి అసోసియేషన్ తీసుకునేది మాస్టర్ పాలసీ. లోపలి భాగానికి, సామానుకి ఎవరికి వాళ్ళు తీసుకునేది హెచ్‌ఓ-6 అనే పాలసీ. ఇంతవరకు అందరికీ తెలుసు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడుందో మాత్రం రెండు పాలసీల్లో ఏది తిరగేసినా పూర్తిగా కనపడదు. అది కాండో డిక్లరేషన్‌లో ఉంటుంది. ఏది ఉమ్మడి, ఏది సొంతం, ఎవరి బాధ్యత ఎంత అని రాసి ఉండే పత్రం అది; ఇల్లు కొన్నప్పుడు టైటిల్ కంపెనీ (కొనుగోలు కాగితాలు చూసేది) ఇచ్చే 80, 100 పేజీల కట్ట. చదివి సంతకం పెట్టినవాళ్ళని నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

ఆ గీత మామూలుగా మూడు చోట్ల ఉంటుంది. కొన్ని డిక్లరేషన్లలో అసోసియేషన్ బాధ్యత గోడ డ్రైవాల్ (గోడకి లోపలివైపు బిగించే పలక) దగ్గరే ఆగిపోతుంది. నేల, అల్మారాలు, సింకు అన్నీ ఇంటి యజమాని చూసుకోవాలి. దీన్ని బేర్ వాల్స్ అంటారు. కొన్నిట్లో బిల్డరు మొదట కట్టి ఇచ్చినప్పుడు లోపల ఏముందో అంతవరకు మాస్టర్ పాలసీ కడుతుంది, తర్వాత మనం మార్చుకున్నవి మనవే. దీనికి సింగిల్ ఎంటిటీ అని పేరు. ఇంకొన్నిట్లో మనం చేయించుకున్న మార్పులు కూడా మాస్టర్ పాలసీలోనే కలుస్తాయి. అది ఆల్ ఇన్. పేర్లు కంపెనీని బట్టి అటూ ఇటూ అవుతుంటాయి కాబట్టి పేరు చూసి నమ్మకూడదు, క్లాజు చదవాలి.

టెక్సస్‌లో దీనికి చట్టం కూడా ఉంది: ప్రాపర్టీ కోడ్ 82వ అధ్యాయం, సెక్షన్ 82.111. ఇళ్ళు ఒకదాని మీద ఒకటి ఉన్న బిల్డింగులో అసోసియేషన్ ఇన్సూరెన్స్ ఇళ్ళ లోపలికి కూడా వర్తించాలి, కానీ యజమానులు తమ సొంతంగా చేయించుకున్న మెరుగుదలల్ని కలపనక్కర్లేదు అంటుంది ఆ సెక్షన్. మా క్లయింటు డిక్లరేషన్ కూడా అదే దారిలో రాసి ఉంది. అంటే సింగిల్ ఎంటిటీ.

ఇక్కడ ఒక పక్కమాట. ఫ్రిస్కోలోనో ప్రాస్పర్‌లోనో విడి ఇల్లు కొన్నవాళ్ళకి కూడా హెచ్‌ఓఏ, అంటే ఇళ్ళ యజమానుల అసోసియేషన్ ఉంటుంది, కానీ అక్కడ అసోసియేషన్ పాలసీ క్లబ్‌హౌస్, స్విమ్మింగ్ పూల్, పార్కు దాకానే. ఇంటి పైకప్పు మొత్తం యజమాని పాలసీ మీదే. "నెలకి ఇంత డ్యూస్ కడుతున్నాం, పైకప్పు వాళ్ళు చూడరా?" అని ప్రతి ఏటా వడగళ్ళు పడ్డాక ఎవరో ఒకరు అడుగుతారు. చూడరు. టౌన్‌హోమ్ అయితే ఇంకా చిక్కు. పక్కపక్కనే ఒకేలా కనిపించే రెండు టౌన్‌హోమ్‌లలో ఒకటి చట్టం దృష్టిలో కాండో కావచ్చు, ఇంకొకటి విడి ఇల్లు కావచ్చు. దస్తావేజు చూస్తే తప్ప తెలియదు.

నేల, అల్మారాలు, పట్టుచీరలు

బిల్డరు ఆ ఇంట్లో వేసింది కార్పెట్, మామూలు రకం వంటింటి అల్మారాలు. పాత యజమాని కార్పెట్ తీయించి చెక్క వేయించాడు. మావాళ్ళు 2019లో అల్మారాలు మార్పించారు. రెండూ నీళ్ళలో నాని ఉబ్బిపోయాయి. మళ్ళీ వేయించడానికి కాంట్రాక్టరు చెప్పిన ధర 20,100 డాలర్లు. మాస్టర్ పాలసీ అడ్జస్టర్ (కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే మనిషి) తన లెక్కలో కార్పెట్‌కి, మామూలు అల్మారాలకి కలిపి 7,000 రాశాడు. మిగతా 13,100 డాలర్లు మెరుగుదల కింద లెక్క, అంటే హెచ్‌ఓ-6 కట్టాలి.

హెచ్‌ఓ-6లో ఇంటి లోపలి భాగానికి కవరేజీ 10,000 డాలర్లే ఉంది. అది వాళ్ళు 2018లో పాలసీ తీసుకున్నప్పటి అంకె. తర్వాత అల్మారాలు మార్చినట్టు నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. 3,100 డాలర్లు ఆయన జేబులోంచి పోయాయి. తర్వాత ఆ కవరేజీని 40,000కి పెంచితే ప్రీమియం ఏడాదికి 70 డాలర్లు కూడా పెరగలేదు. ఆ సంగతి చెబుతున్నప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆ పాలసీలో నీటి లీకేజీకి సంబంధించిన భాగం పర్వాలేదు. అదే బిల్డింగులో, మన ఇంటి బయట పగిలిన పైపు నుంచి వచ్చిన నీళ్ళు కూడా అందులో కలుస్తాయి. మన ఇంట్లోనే పైపు గడ్డకట్టి పగిలి ఉంటే, మనిషి లేనప్పుడు హీటరు ఆన్‌లో ఉంచారా, నీళ్ళు కట్టేశారా అన్న ప్రశ్న వచ్చేది. ఇక్కడ పైపు అసలు మనది కాదు కాబట్టి ఆ తలనొప్పి తప్పింది.

సామాన్లకి 25,000 డాలర్ల కవరేజీ, కొత్తది కొనే ధర కట్టే రకం. సోఫా, టీవీ, పరుపులు పెద్ద గొడవ లేకుండా అయిపోయాయి. గొడవంతా చీరల దగ్గరే. క్లోజెట్ కింది అరలో ఉన్న 11 పట్టుచీరలు రెండు రోజులు నీళ్ళలో నానాయి. రంగులు ఒకదాని మీదికి ఒకటి దిగిపోయాయి. వీడియో కాల్‌లో అడ్జస్టర్ మర్యాదగానే అడిగింది, "బ్రాండ్, మోడల్ నంబరు?" అని. ధర్మవరం నేత చీరకి మోడల్ నంబరేం చెప్తాం! చివరికి మూడు పనులు చేశాం. పెళ్ళి ఆల్బమ్‌లో ఏ చీర ఏ ఫోటోలో ఉందో గుర్తుపెట్టాం. హైదరాబాద్‌లో ఉన్న అత్తగారు పాత బిల్లులు వెతికి వాట్సాప్ చేశారు. బిల్లు దొరకని వాటికి అలాంటి చీరలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎంతకి అమ్ముతున్నారో స్క్రీన్‌షాట్లు పెట్టాం. అడ్జస్టర్ 11లో 9 చీరలకి డబ్బు ఒప్పుకుంది. మిగతా రెండు వాళ్ళ అమ్మమ్మగారివి. వాటికి కొత్త ధర అంటూ ఏమీ లేదు, ఏదో కొంచెం కట్టారు. ఇప్పుడు నా క్లయింట్లందరికీ చెప్తున్నాను, అల్మారా తలుపులు తీసి ఏటా ఒకసారి ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోమని. ఒక్క 10 నిమిషాల పని.

ఉండడానికి వీల్లేక 11 వారాలు ఎక్స్‌టెండెడ్ స్టే హోటల్లో ఉన్నారు. మంచు తుఫాను తర్వాత డ్రైవాల్ వేసేవాళ్ళు దొరకడమే గగనమైపోయింది. ఆ ఖర్చుకి పాలసీలో 12,500 డాలర్ల హద్దుంది. అయితే అది కట్టేది మామూలు ఖర్చు కంటే ఎంత ఎక్కువైందో అంతవరకే. హోటల్ బిల్లు పూర్తిగా వస్తుంది, ఎందుకంటే ఇంటి లోను వాయిదా ఎలాగూ కడుతూనే ఉన్నారు. తిండి ఖర్చులో మాత్రం ఇంట్లో వండుకుంటే నెలకి ఎంతయ్యేదో తీసేసి మిగతాది కడతారు. వెయ్యి డాలర్ల డిడక్టిబుల్‌ని (నష్టంలో ముందుగా పాలసీదారే భరించాల్సిన మొత్తం) కంపెనీ సామాన్ల చెక్కులోంచి పట్టుకుంది.

8,333 డాలర్ల ఉత్తరం

మే నెలలో వచ్చింది అసలు దెబ్బ. ఆరు ఇళ్ళలో గోడలు, సీలింగులు, బిల్డరు నాటి లోపలి పనులు కలిపి మాస్టర్ పాలసీ లెక్క 168,000 డాలర్లు తేలింది. మాస్టర్ పాలసీ డిడక్టిబుల్ ఒక్కో ఘటనకి 50,000. కంపెనీ 118,000 కట్టింది. మిగిలిన 50,000 ఎవరు కట్టాలి?

మేనేజ్‌మెంట్ కంపెనీ నుంచి ఆ ఆరుగురికీ ఒకే రకం ఉత్తరం వచ్చింది. 50,000ని ఆరుతో భాగించి, ఒక్కొక్కరు 8,333 డాలర్లు 30 రోజుల్లో కట్టాలని. మా క్లయింటు నాకు ఫోన్ చేసి, "పర్లేదులే అన్నా, మనకి లాస్ అసెస్‌మెంట్ కవరేజీ 10,000 ఉంది కదా" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. క్లెయిమ్ పంపాం. కంపెనీ నుంచి వచ్చిన జవాబు: 1,000 డాలర్లు.

లాస్ అసెస్‌మెంట్ అంటే ఉమ్మడి ఆస్తికి జరిగిన నష్టంలో అసోసియేషన్ మన వాటాగా వసూలు చేసే సొమ్ముకి ఇచ్చే కవరేజీ. మామూలుగా 1,000 డాలర్లు పాలసీలోనే ఉంటుంది, కొంచెం ప్రీమియం కట్టి పెంచుకోవచ్చు. ఏజెంట్లం పెంచి అమ్ముతాం కూడా. కానీ చాలా కంపెనీలు వాడే ప్రామాణిక ఫారంలో, ఆ పెంచే ఎండార్స్‌మెంట్‌లోనే (పాలసీకి జతచేసే అదనపు కాగితం), ఒక చిన్న వాక్యం ఉంది. ఆ వసూలు అసోసియేషన్ పాలసీ డిడక్టిబుల్ వల్ల వచ్చినదైతే, మనం ఎంతకి పెంచుకున్నా సరే, 1,000 డాలర్లకి మించి ఇవ్వరు. మాస్టర్ పాలసీ మొత్తమే సరిపోక మిగిలిన నష్టాన్ని పంచినప్పుడు 10,000 పనికొస్తుంది. నిజజీవితంలో ఎక్కువగా వచ్చేది మాత్రం డిడక్టిబుల్ వసూలే.

ఆ వాక్యం నేను చదివి ఉండాల్సింది. ఎండార్స్‌మెంట్ అమ్మిన ఏజెంటుని నేనే. ఆయనకి అదే చెప్పాను, సాకులు చెప్పలేదు. ఆ రోజు ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఆ రాత్రి డిక్లరేషన్ మళ్ళీ మొదటి నుంచి చదివాను. డిడక్టిబుల్ ఎవరు కట్టాలో అందులో ఒక్క ముక్క లేదు. చట్టం చూశాను. నష్టం డిడక్టిబుల్ కంటే తక్కువైతే, ఇన్సూరెన్స్ లేకపోతే ఎవరు బాగుచేయించుకోవాలో వాళ్ళే కట్టాలి. నష్టం డిడక్టిబుల్ దాటితే అసోసియేషన్ కాగితాల్లో రాసినట్టు చెయ్యాలి. కాగితాల్లో లేకపోతే బోర్డు తీర్మానం చేసి తేల్చాలి. బోర్డు తీర్మానం చెయ్యకపోతే అది ఉమ్మడి ఖర్చు, అందరూ భరించాలి. ఎవరైనా యజమాని చేసిన పని వల్లో చెయ్యని పని వల్లో నష్టం జరిగితే మాత్రం అసోసియేషన్ ఆ సొమ్ము అతని మీద వెయ్యొచ్చు. ఇక్కడ ఎవరి తప్పూ లేదు, పగిలింది ఉమ్మడి పైపు.

నేను లాయర్‌ని కాదు. ఆయన్ని ఒక కాండో లాయర్ దగ్గరికి గంట సేపటి సంప్రదింపుకి పంపాను. లాయర్ అడిగింది ఒక్కటే: "బోర్డు తీర్మానం కాపీ ఉందా?" మా క్లయింటు రెండేళ్ళ మీటింగ్ మినిట్స్ రాతపూర్వకంగా అడిగి తెప్పించుకున్నాడు. అందులో అలాంటి తీర్మానం లేదు. మేనేజ్‌మెంట్ కంపెనీ తమకి అలవాటైన పద్ధతిలో, నష్టపోయిన వాళ్ళనే కట్టమని ఉత్తరం రాసేసింది.

జూన్‌లో బోర్డు మీటింగ్. అంతకుముందు వారం రోజులు వాట్సాప్ గ్రూపు అంటుకుంది. ఆ కాంప్లెక్స్‌లో తెలుగు కుటుంబాలు 20కి పైనే. "మా ఇంట్లో చుక్క నీరు రాలేదు, మేమెందుకు కట్టాలి?" అని ఒకాయన. "రేపు మీ వరసలో పగిలితే?" అని ఇంకొకామె. తప్పెవరిదో తేలని చోట మనవాళ్ళకి సర్దుకుపోదాం అనే మాట తొందరగా నోటికొస్తుంది. ఇక్కడ సర్దుకుపోమని చెప్పింది మాత్రం నష్టపోయిన ఆరుగురికే. మా క్లయింటు మీటింగులో లేచి చట్టం పేజీ ఒకటి, లాయర్ ఉత్తరం ఒకటి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. రెండు నిమిషాలకి మించి మాట్లాడలేదు.

బోర్డు ఆ ఖర్చుని ఉమ్మడి ఖర్చుగా తీసుకుంది. 50,000ని 96తో భాగిస్తే ఇంటికి 521 డాలర్లు. 8,333 ఉత్తరం రద్దయింది. ఆ 521ని హెచ్‌ఓ-6 కంపెనీకి పంపాను. అది 1,000 హద్దులోపలే ఉంది, ఘటన కూడా అదే, డిడక్టిబుల్ ఇంతకుముందే తీసుకున్నారు కాబట్టి మొత్తం కట్టారు. కాంప్లెక్స్‌లో మిగతావాళ్ళలో హెచ్‌ఓ-6 ఉన్న చాలామందికి ఈ 521 తమ పాలసీ కింద అడగొచ్చని కూడా తెలియదు. నాకు తెలిసిన నలుగురికి చెప్పాను. ఇద్దరు అడిగారు. వాళ్ళ పాలసీ డిడక్టిబులే 1,000 కావడంతో ఇద్దరికీ ఏమీ రాలేదు. అదీ చెప్పుకోవాలి.

తర్వాత

అదే మీటింగులో బోర్డు ఇకపై వర్తించేలా తీర్మానం కూడా చేసింది: ఉమ్మడి పైపు అయితే ఉమ్మడి ఖర్చు, ఒక ఇంటి లోపలి పైపు అయితే ఆ ఇంటి యజమాని ఖర్చు. ఆ రెండో భాగం చూసి మా క్లయింటుకి మళ్ళీ టెన్షన్ మొదలైంది. న్యాయంగానే. వాషింగ్ మెషిన్ గొట్టం ఊడి కింది ఇంట్లోకి నీళ్ళు పోతే 50,000 డాలర్ల డిడక్టిబుల్ ఆయన నెత్తిన పడుతుంది. దానికి 1,000 డాలర్ల హద్దున్న ఎండార్స్‌మెంట్ ఏ మూలకి? డిడక్టిబుల్ వసూలుకి కూడా పూర్తి హద్దు ఇచ్చే కంపెనీ వెతికి, పాలసీ అక్కడికి మార్చాను. 50,000కి తీసుకున్నాం. వాషింగ్ మెషిన్‌కి ఉక్కు అల్లిక గొట్టాలు వేయించుకోమని కూడా చెప్పాను. 20 డాలర్లు కూడా కావు.

ఇప్పుడు కాండో పాలసీ రాసే ముందు డిక్లరేషన్‌లో ఇన్సూరెన్స్ అధ్యాయం, మాస్టర్ పాలసీ డిడక్టిబుల్ ఉన్న పేజీ, డిడక్టిబుల్ మీద బోర్డు తీర్మానం, ఈ మూడూ పంపించమంటాను. మూడోది పది మందిలో ఏడుగురికి దొరకదు. "అది లేదు" అన్నా నాకు చాలు, లేదని తెలుస్తుంది.

పోయిన నెల ఆయనే ఫోన్ చేశాడు. మాస్టర్ పాలసీ రెన్యూవల్ కాగితం చేతిలో ఉంది. గాలి, వడగళ్ళ నష్టానికి డిడక్టిబుల్ ఇప్పుడు డాలర్లలో కాదు, 2 శాతం. "2 శాతమే కదన్నా?" అన్నాడు. క్లెయిమ్‌లో 2 శాతం కాదు, ఇన్సూరెన్స్ చేసిన మొత్తం విలువలో 2 శాతం. వాళ్ళ బిల్డింగులన్నీ కలిపి 1 కోటి 80 లక్షల డాలర్లకి ఇన్సూర్ అయి ఉన్నాయి. ఫోన్‌లోనే లెక్కేశాం: 360,000. 96తో భాగిస్తే ఇంటికి 3,750. డాలస్‌లో వడగళ్ళు పడని ఏడాది ఉండదు. ఆయన మాట్లాడకుండా ఉన్నాడు, తర్వాత అడిగాడు, "అయితే బోర్డు ఎన్నికలకి నామినేషన్ ఎప్పటిదాకా వెయ్యొచ్చో తెలుసా నీకు?"